విత్తనం ఖరీదు

వంద మైళ్ల దారి కారు హీటర్ లేకుండా రావాలంటే ఏమేం కావాలో ముందురోజు రాత్రే సర్దుకున్నాం. మూడు దుప్పట్లు, ఇద్దరికీ రెండేసి జతల మేజోళ్లు, ఫ్లాస్కు నిండా అల్లం టీ. వెళ్లేటప్పుడు వీటి అవసరం లేదు. వచ్చేటప్పుడు మాత్రం వెనక సీట్లో రెండు చించిల్లాలు ఉంటాయి. పాతిక డిగ్రీలు దాటిన వేడి వాటి ప్రాణం మీదకు తెస్తుంది. మనకు హాయిగా ఉండే వెచ్చదనమే వాటికి వడదెబ్బ. అందుకే బయట నీళ్లు గడ్డకట్టే ఫిబ్రవరి శనివారం ఒకటి చూసుకుని, అప్పటిదాకా నాలుగు నెలలు ఆగాం.

మేం ఉండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్ పక్కనున్న డబ్లిన్‌లో. నేను పుట్టింది ఒంగోలు దగ్గర పల్లెలో. గొడ్ల చావిడి వాసన మధ్య పెరిగినదాన్ని. మా అమ్మాయికి పదిహేనేళ్లు. దానికి పశువులంటే ఈ చించిల్లాలే.

చూడనివాళ్లకు చెప్పాలంటే, చించిల్లా రెండు అరచేతుల్లో ఒదిగే జంతువు. అరకిలో పైన బరువు, ఎలుక జాతి, గుండ్రటి పెద్ద చెవులు, ఉడుతకున్నట్టు కుచ్చుతోక. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. మన తలమీద ఒక కుదురు నుంచి ఒకటో రెండో వెంట్రుకలు మొలుస్తాయి, దీనికి ఒక్కో కుదురులో యాభై, అరవై, ఆపైన కూడా ఉంటాయి. వేలు పెడితే వేలికి ఏదీ తగిలినట్టే ఉండదు. ఆ మెత్తదనమే దాని పాలిట శాపమైంది. చర్మం కోసం కొండలకు కొండలు ఖాళీ చేశారు. 1910లో చిలీ, అర్జెంటీనా, బొలీవియా, పెరూ కలిసి వేటను ఆపడానికి ఒప్పందం చేసుకునే నాటికే చాలాచోట్ల ఈ జాతి కనుమరుగైపోయింది. అడవిలో మిగిలిన కొద్దిపాటి వాటికోసం చిలీలో ఇయాపెల్ పట్టణం దగ్గర 1983లో ప్రత్యేకంగా అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఇవాళ ఇళ్లలో పెరిగేవన్నీ పెంపకందారుల చేతుల్లో తరాలుగా నిలిచిన సంతానం. ఆ చేతులు మంచివా కావా అన్నదాన్ని బట్టే వాటి బతుకు.

ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. మూడేళ్ల క్రితం, ఊరు మారుతున్నామని ఒకరు చెబితే, పంజరంతో సహా జత చించిల్లాలను 120 డాలర్లకు కొన్నాం. చవగ్గా వచ్చాయని సంతోషించాం. వాటి తల్లిదండ్రులెవరో అడగలేదు, అడగాలని తెలియలేదు. రెండో ఏడు ఆడదాని గడ్డం తడిగా ఉండడం మొదలైంది. ఎండుగడ్డి నోట పెట్టుకుని వదిలేసేది. వారం వారం బరువు తగ్గిపోయింది. చించిల్లా పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. పైవీ కిందివీ సరిగ్గా ఆనితేనే అరుగుతాయి. ఆనకపోతే కొన చెంపను కోస్తుంది, వేరు ఎముకలోకి పాకుతుంది. డాక్టరు ఎక్స్‌రే చూపించారు, దవడపళ్ల వేళ్లు కంటి దాకా వచ్చేశాయి. చాలాసార్లు ఇది వంశంలో వచ్చే లోపమేనని చెప్పారు. మూడుసార్లు వైద్యం చేయించాం, 900 డాలర్లు దాటింది. చివరికి బాధ పడనివ్వకుండా నిద్రపుచ్చేయడం ఒక్కటే మిగిలింది. మా అమ్మాయి ఒళ్లోనే ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి అడిగింది: "అమ్మా, దీని అమ్మకి కూడా ఇలాగే అయిందా?"

నేనేం చెప్పను? చెప్పగలిగినవాళ్లు ఈ లోకంలో ఎవరూ లేరు. అమ్మినవాళ్లు రాసిపెట్టుకోలేదు, వాళ్లకు అమ్మినవాళ్లూ రాసిపెట్టుకోలేదు. మిగిలిన మగదాన్ని ప్రేమగా పెంచుకుంటున్నాం గానీ దానికి మళ్లీ జత కట్టలేదు. ఏడాదిన్నర పాటు మా అమ్మాయి పెంపకం గురించి చదివింది, ప్రదర్శనలకు వెళ్లి న్యాయనిర్ణేతల పక్కన నిలబడింది. చివరికి, మంచి వంశం నుంచి ఒక్క జత తెచ్చుకుని, తక్కువైనా పుట్టుక తెలిసిన పిల్లల్నే ఇళ్లకు ఇద్దామంది. అలా వాళ్లనీ వీళ్లనీ అడిగితే అందరూ చెప్పిన పేరు ఒకటే. వూస్టర్ ఊరి అవతల పొలాల మధ్య ఉండే ఓ ముసలి దంపతులది.

చీకటితోనే బయలుదేరాం. 71వ నంబరు రహదారి మీద ఉత్తరంగా మాన్స్‌ఫీల్డ్ దాటి, ఆష్లాండ్ దగ్గర దిగి, 250వ నంబరు రోడ్డు పట్టుకున్నాం. అక్కడినుంచి దారి మారిపోయింది. మొక్కజొన్న కోసేసిన మోళ్ల మీద మంచు, ఎర్ర కొట్టాలు, గడ్డి గాదెలు. వూస్టర్ దాటాక, కార్లు నడపని ఆమిష్ మతస్థుల గుర్రబ్బళ్లు ఎదురయ్యాయి. నల్ల బండి వెనక నారింజరంగు త్రికోణం, ముందు పొగలా ఊపిరి వదిలే గుర్రం. ఆ గుర్రం నడక చూస్తుంటే నాన్న గుర్తొచ్చారు.

నాకు పదేళ్లప్పుడు నాన్న ఆబోతుగా పెంచడానికి ఒక కోడెదూడను కొన్నారు. దాన్ని ఒక్కపూటలో కొనలేదు. ముందు దాని తల్లిని చూడడానికి వెళ్లారు. ఆ తర్వాత తండ్రి ఉన్న ఊరు వెళ్లారు. తల్లి పొదుగు, తండ్రి మూపురం, గంగడోలు, నడక, గిట్టలు, అన్నీ చూశాకే దూడ నోరు తెరిచి పళ్లు చూశారు. సంతలో దున్నే ఎద్దులు కొనేటప్పుడు దళారుల తుండుగుడ్డ కింద వేళ్లతో పూటంతా బేరమాడే మనిషి, ఆ దూడ దగ్గర మాత్రం రైతు చెప్పిన ధరకు తల ఊపారు. ఇంటికొచ్చే దారిలో ఎందుకలా చేశావని అడిగాను.

"దున్నే ఎద్దుకు బేరం ఆడొచ్చమ్మా. అది ఉన్నంత వరకే దాని లెక్క. విత్తనానికి ఆడకూడదు. అది మనం పోయాక కూడా ఉంటుంది."

డబ్బు చేతిలో పెట్టాక రైతును ఒక మాట అడిగారు: "మనసారా ఇస్తున్నావా?" ఆయన అవునన్నాకే పలుపు అందుకున్నారు.

మా ఒంగోలు గిత్తల విలువ మా జిల్లావాళ్లకంటే ముందు బ్రెజిల్ వాళ్లు గుర్తించారు. 1960లలో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్లిన ఆబోతు పేరు అక్కడి పెంపకందారులకు ఇప్పటికీ తెలుసు. మన పశువుల నుంచి వచ్చిన నెలోర్ జాతిలో వియాటినా-19 అనే ఆవు విలువ 2023లో 40 లక్షల డాలర్లు దాటింది. మన ఊళ్లలో నాన్నలాంటివాళ్లు నోటి లెక్కగా ఉంచుకున్నదాన్ని వాళ్లు తరాల తరబడి కాగితం మీద పెట్టారు. ఆ కాగితానికే ఆ ధర. ఈ మాటే కారులో మా అమ్మాయికి చెబుతూ వచ్చాను.

ఆ దంపతుల ఇంటికి చేరగానే, కొట్టం బయటే చెప్పులు మార్చుకోమన్నారు, చేతులు కడుక్కోమన్నారు. ఇంకెవరి దగ్గరైనా చించిల్లాలను ముట్టుకుని వచ్చారా అని అడిగారు. ఇంట్లో ఒకటుంది, పొద్దున మేత వేశానని మా అమ్మాయి అంటే, ఆవిడ కొత్త అంగీ ఒకటి తెచ్చి దానికి తొడిగారు. రోగం ఒక్క చేతి మీద రావచ్చు, నలభై ఏళ్ల కష్టం ఒక్క వారంలో పోవచ్చు. ఆ జాగ్రత్త చూడగానే మేం సరైన చోటికి వచ్చామనిపించింది.

లోపల పదిహేను డిగ్రీల చలి. ఎండుగడ్డి వాసన, సన్నటి బూడిద వాసన. వరసగా పంజరాలు. ఒక్కో దానిలో ఒక్కో ఆడ చించిల్లా, మెడలో తేలికపాటి పట్టీ. పంజరాల వెనక పొడుగునా ఒక సొరంగం. మగది ఆ సొరంగంలో తిరుగుతూ ఏ పంజరంలోకైనా వెళ్లగలదు. మెడ పట్టీ అడ్డుపడి ఆడవి మాత్రం బయటకు రాలేవు. ఒక మూల రెండు పిల్లలు పళ్లెంలోని మెత్తటి దుమ్ములో పొర్లుతున్నాయి. చించిల్లాలకు నీటి స్నానం పనికిరాదు. అంత ఒత్తు బొచ్చు తడిస్తే ఆరదు. ఎండాకాలం మా వాకిట్లో పిచ్చుకలు దుమ్ములో మునిగిలేచే తీరు కళ్లముందు మెదిలింది.

ఆ కొట్టాన్ని ఆ పెద్దాయన తండ్రి కట్టారట. నేను సూటిగా అడిగాను, చర్మాల కోసం పెంచారా అని. తండ్రి రోజుల్లో అవునని, తన చేతికి వచ్చాక మానేశానని దాచకుండా చెప్పారు. ఇప్పుడు ప్రదర్శనలకు, పెంపకానికి, పెంచుకునే ఇళ్లకు తప్ప ఇవ్వరు. అది తెలియకుండా ఆ ఇంట్లో డబ్బు చెల్లించడం నాకు ఇష్టం లేకపోయింది.

కొట్టం చివర చిన్న గది. బల్ల మీద తెల్లటి దీపాలు, వాటి కింద తెల్ల పంజరాలు. ప్రదర్శనలో నిర్ణేతలు చూసే పద్ధతి ఇదే. వెలుతురు తప్పితే లోపం దాగిపోతుంది. ఆయన రెండు మగవాటిని పక్కపక్కన పెట్టి, తేడా చెప్పమని మా అమ్మాయిని అడిగారు. ముందు రెండూ ఒకేలా కనిపించాయి. కాసేపటికి ఒకదాని కడుపు తెల్లగా, ఇంకోదాని కడుపు లేత పసుపు జీరతో ఉందని తెలిసింది. ఆయన వీపు మీద మెల్లగా ఊదారు. బొచ్చు పువ్వులా విచ్చుకుంది. అడుగున నీలి బూడిదరంగు, మధ్యలో తెల్లటి చార, కొసన నలుపు. అడుగు రంగు ఎంత లోతుగా ఉంది, చార ఎంత సన్నగా తేటగా ఉంది, ఊదితే విచ్చిన బొచ్చు ఎంత తొందరగా మూసుకుంది, ఇవన్నీ వరసగా చూపించారు. ఆపైన తల వెడల్పు, మెడ పొట్టితనం, ఒళ్లు ఇటుకలా గట్టిగా ఉండడం. తోక మొదలు దగ్గర పట్టుకుని ఒంటి కింద చేయి ఆనించి ఎత్తాలట. బొచ్చు పట్టి లాగితే, శత్రువు నుంచి తప్పించుకోవడానికి అది ఆ కుచ్చును వదిలేసి పారిపోతుంది.

మా అమ్మాయి కళ్లు మాత్రం ఇంకో పంజరం మీద ఉన్నాయి. అందులో లేత ఊదా ఛాయలో ఒక పిల్ల. అందరూ అడిగే రంగు. ఆయన అది గమనించి, దాన్నే బల్ల మీదకు తెచ్చారు. "ఊది చూడు" అన్నారు. ఊదితే అడుగున చర్మం కనిపించింది. "రంగుకు డబ్బు ఇవ్వకు. రంగు ఒకటి రెండు తరాల్లో తెచ్చుకోవచ్చు. ఒత్తు బొచ్చు, కట్టు, పళ్లు, వీటికి పది తరాలు పడుతుంది. ముందు మామూలు బూడిదరంగు మంచివి పట్టుకో. నీకు నిజంగా కావలసింది దాని మీద తర్వాత వేసుకోవచ్చు." ఆ ఊదారంగుదాన్ని అమ్మితే ఆయనకు ఆ పూట ఎక్కువ డబ్బే వచ్చేది.

తర్వాత ఆవిడ కార్డుల పెట్టె తెచ్చారు. ఒక్కో జంతువుకు ఒక కార్డు. చెవి ట్యాగు నంబరు, తల్లి, తండ్రి, అవ్వాతాతలు, పుట్టిన బరువు, నెలనెలా బరువు, పళ్లు చూసిన తేదీలు. కొన్ని కార్డుల మీద అడ్డంగా ఎర్ర గీత. పళ్లకు తేడా వచ్చినవి, బొచ్చు కొరుక్కునే అలవాటున్నవి, వాటి తోబుట్టువులు. వాటిని జత కట్టలేదు. రంగుల లెక్క కూడా కార్డు లేకపోతే తప్పుతుంది. తెల్లవి రెండు జతకడితే, రెండు వైపుల నుంచీ ఆ జన్యువు అందిన పిండం కడుపులోనే పోతుంది. నల్ల వెల్వెట్ రంగువి రెండు జతకట్టినా అదే గతి.

"ఈ కార్డులు ఎంత వెనక్కి పోయినా చివరికి ఒకే ఓడ దగ్గర ఆగుతాయి" అన్నారావిడ. చిలీ రాగి గనుల్లో పనిచేసిన మథయస్ చాప్‌మన్ అనే అమెరికా ఇంజినీరు కథ అది. 1918లో ఒక స్థానికుడు అమ్మజూపిన చించిల్లాను కొని, ముచ్చటపడి, మనుషుల్ని పెట్టి ఏళ్ల తరబడి కొండల్లో వెతికించాడు. దొరికినవి డజనుకు మించలేదు. ఎత్తు నుంచి ఒక్కసారిగా దించితే చచ్చిపోతాయని మెట్టుమెట్టుగా, నెలల తరబడి ఆగుతూ కిందికి తెచ్చాడు. ఓడలో మంచుగడ్డలు పెట్టి చల్లగా ఉంచుతూ 1923 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా చేర్చాడు. అమెరికాలో ఇవాళ పెరిగే చించిల్లాల్లో దాదాపు అన్నీ ఆ కొద్దింటి సంతతే. అంత చిన్న బిందువు నుంచి వచ్చిన జాతికి, ఎవరు ఎవరి బిడ్డో రాసిపెట్టడం ఊపిరితో సమానం.

ధర మాట వచ్చింది. మగది రెండేళ్లది, ప్రదర్శనలో మొదటి బహుమతి తెచ్చుకుంది. 400 డాలర్లు. ఆడది పది నెలలది, 350. మొత్తం 750. మన డబ్బులో అరవై వేలు దాటుతుంది. నా గుండె ఒక్క క్షణం ఆగింది. ఆయనకు అది అర్థమైనట్టుంది, కుర్చీ లాక్కుని లెక్క చెప్పారు.

కుందేలు నెల రోజుల్లో ఈనుతుంది. చించిల్లా 111 రోజులు మోస్తుంది. మామూలుగా కాన్పుకు ఒకటి, రెండు, మహా అయితే మూడు. ఏడాదికి రెండు కాన్పులు. బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుట్టినా ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి. ఆ తర్వాత ఎదుగుదల తెలియడానికి ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆయన లెక్కలో పది పుడితే పెంపకానికి నిలిచేది ఒకటి. మిగిలినవి తక్కువ ధరకు ఇళ్లకు పోతాయి. "మీరిచ్చే 350లో ఈ ఒక్కదాని మేతే కాదు, నేను ఎర్రగీత గీసినవాటి మేత కూడా ఉంది. అవి అమ్ముకోలేదు కాబట్టే ఇది మీ చేతికి వస్తోంది."

ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన మంచిది దొరకదని కూడా ఆయనే చెప్పారు. 1950లలో ఈ దేశంలో చించిల్లాల మోజు నడిచింది. జత వెయ్యి డాలర్లు దాటి అమ్మారు. పుట్టిన ప్రతి పిల్లనూ మేమే తిరిగి కొంటామని మాటిచ్చి, రైతుల చేత, పింఛను డబ్బు ఉన్నవాళ్ల చేత కొనిపించారు. మంచిదీ చెడ్డదీ చూడకుండా అన్నిటినీ జతకట్టారు. ఆ ధరను మోసింది జంతువు కాదు, తర్వాత రాబోయే కొనుగోలుదారుడు. వాడు రావడం ఆగిపోయిన రోజున ఇళ్లు కూలాయి. ఆయన తండ్రి ఆ పాఠం నేర్చుకున్నాకే కార్డులు రాయడం మొదలుపెట్టారట.

"పళ్లకు తేడా రాదని హామీ ఇస్తారా?" మా అమ్మాయి అడిగింది. గొంతు కాస్త వణికింది. ఆ ప్రశ్న వెనక ఎవరున్నారో నాకు తెలుసు.

ఆయన రెండిటి నోళ్లూ మెల్లగా తెరిచి ముందుపళ్లు చూపించారు. ముదురు నారింజరంగు, రెండూ సమంగా ఆనుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాటికి ఆ రంగే ఉంటుంది. "దవడపళ్లు లోపల ఉంటాయి, ఎక్స్‌రేకే తెలుస్తాయి. ప్రాణికి హామీ ఇవ్వలేనమ్మా. ఒక మాట ఇస్తాను. ఎప్పుడైనా తేడా వస్తే ఆ ఎక్స్‌రే నాకు పంపు. దీని అమ్మానాన్నల్ని మళ్లీ జత కట్టను. నాకెంత నష్టమైనా సరే."

బేరం ఆడదామని ఇంటి దగ్గర అనుకున్న మాట వాస్తవం. రెండూ కలిపి 600కు అడగాలని లెక్క కూడా వేసుకున్నాను. ఆయన 700కైనా ఒప్పుకునేవారేమో. ఆ యాభై నాకు మిగిలితే, అది ఎవరి నుంచి తగ్గుతుంది? ఒక ఎక్స్‌రే నుంచో, అమ్మకుండా అట్టిపెట్టి ఇంకో నెల చూడాల్సిన పిల్ల నుంచో తగ్గుతుంది. రాసిపెట్టేవాళ్లకు గిట్టుబాటు కాకపోతే మిగిలేది రాయనివాళ్లే. అలాంటివాళ్ల దగ్గరే మేం మొదటి జత కొన్నాం. 120కి 900 కలిపితే ఆ చవక జత ఖరీదు ఈ జతను దాటిపోయింది, మా అమ్మాయి ఏడుపు లెక్కలోకి రాకుండానే. 750 డాలర్లు లెక్కపెట్టి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ రెండు కార్డులకూ నకళ్లు రాసి, కింద ఎవరికి ఇచ్చిందీ అన్న చోట మా అమ్మాయి పేరు రాశారు. మేత ఒక్కసారిగా మార్చకూడదని, అవి తినే గుళికలు ఒక సంచీ, తిమోతీ గడ్డి ఒక కట్ట ఇచ్చారు. ఇంట్లో ఉన్నదానికి దూరంగా నెల రోజులు వేరే గదిలో ఉంచమన్నారు. ఆడది ఏడాది నిండేదాకా జత కట్టొద్దన్నారు. నెలనెలా బరువులు పంపమన్నారు. "ఇవి వెళ్లిపోయినా కార్డు నా దగ్గరే ఉంటుంది. బరువు రాయకపోతే నాకు నిద్రపట్టదు."

తిరుగు దారి చలిలో సాగింది. అద్దం మీద మంచు పట్టకుండా ఉండేంత మాత్రం గాలి వదిలి, దుప్పట్లు భుజాల మీదుగా కప్పుకుని, వూస్టర్ మీదుగా వచ్చాం. మా అమ్మాయి వెనక సీట్లో రెండు బోనుల మధ్య కూర్చుంది. దాని ముక్కు ఎర్రబడింది, వేళ్లు కొంకర్లు పోయాయి, అయినా హీటర్ పెంచమని ఒక్కసారీ అడగలేదు. మాన్స్‌ఫీల్డ్ దగ్గర ఆపి టీ పోసి ఇస్తే, కప్పు ఆవిరి బోను వైపు పోకుండా చేయి అడ్డం పెట్టుకుని తాగింది. వందేళ్ల కిందట ఇదే నెలలో ఓడ మీద మంచుగడ్డలు సర్దిన చేతులు గుర్తొచ్చాయి నాకు.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. మా ఊళ్లో అప్పుడే తెల్లవారుతోంది. బోనులు గదిలో దించి నాన్నకు ఫోన్ చేశాను. ఎనభై దాటినా పొద్దున్నే లేచి ఖాళీ చావిడి వైపు ఒకసారి వెళ్లివస్తారు. ఎలుకంత జంతువుకు ఇంత దూరం వెళ్లావా అని నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"పళ్లు చూశావా?"

"చూశాను నాన్నా. సమంగా ఉన్నాయి."

"తల్లిని?"

"తల్లినీ చూశాను. తల్లి తల్లి కార్డు కూడా చూశాను."

ధర చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. పక్కింటి కోడి కూత వినిపించింది. తర్వాత అడిగారు: "మనసారా ఇచ్చారా?"

గదిలోకి చూశాను. మా అమ్మాయి నేల మీద కూర్చుని, వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి, ఆడదాన్ని అందులో దించుతోంది. ఒంటి కింద చేయి ఆనించే ఉంది. అంకె నిలబడ్డాక కార్డు నకలు మీద తేదీ వేసి బరువు రాసింది. ఇంకా కోటు విప్పలేదు.

"ఇచ్చారు నాన్నా" అన్నాను. "నెలనెలా బరువులు పంపమన్నారు."

"అయితే మంచిదే కొన్నావు" అన్నారాయన.